రక్తం తక్కువ సరే, ఎందుకు తక్కువ?

మా పెద్దమ్మ కూతురు ఇంటర్‌లో ఉన్నప్పుడు మాటిమాటికీ తల తిరుగుతోందంటే సీబీపీ, అంటే రక్తకణాల లెక్కలు చెప్పే పరీక్ష, చేయించారు. హిమోగ్లోబిన్ 10.2 వచ్చింది. "అమ్మాయికి రక్తం తక్కువ" అని ఐరన్ బిళ్ళలు రాశారు. అలా మొదలైన బిళ్ళలు పదకొండేళ్ళు నడిచాయి. డాక్టరు మారినప్పుడల్లా బిళ్ళ రంగు మారేది, అంతే. మలబద్ధకం, కడుపులో మంట, నోట్లో తుప్పు రుచి అన్నీ భరించింది. బీట్‌రూట్ రసం, ఖర్జూరాలు, రాగిజావ, ఎవరేం చెబితే అది తాగింది, తింది. హిమోగ్లోబిన్ మాత్రం పది దగ్గరే కూర్చుంది. "సరిగ్గా తినదు, బిళ్ళలు పారేస్తుందేమో" అని ఇంట్లోవాళ్ళం అనుకున్నాం. ఒకసారి నేను అక్క ముందే అన్నాను కూడా. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఎందుకంటే జవాబు మొదటి రిపోర్టులోనే ఉంది. హిమోగ్లోబిన్ కింద మూడు నాలుగు వరుసలు దిగితే కనపడేది. ఎవరూ దిగలేదు.

రక్తహీనత అనేది జ్వరం లాంటి మాట. జ్వరం వచ్చిందంటే మలేరియానా, టైఫాయిడా, డెంగీనా అని వెంటనే అడుగుతాం. ఒకే బిళ్ళతో ఏళ్ళకేళ్ళు నెట్టుకురాం. "రక్తం తక్కువ" అన్నప్పుడు మాత్రం ఆ రెండో ప్రశ్న అడగడం మర్చిపోతాం. రక్తం సరిగ్గా తయారవక తగ్గిందా, తయారైంది శరీరంలోనే పగిలిపోతోందా, లేక ఎక్కడో కారిపోతోందా? రక్తహీనతలన్నీ ఈ మూడు దారుల్లోంచే వస్తాయి. మందు దారిని బట్టి మారుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన డెసిలీటరు రక్తంలో హిమోగ్లోబిన్ మగవాళ్ళకు 13 గ్రాములు, ఆడవాళ్ళకు 12, గర్భిణులకు 11 కంటే తగ్గితే రక్తహీనత. గర్భంతో ఉన్నప్పుడు నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా 10.5 వరకు ఫరవాలేదంటారు, ఆ నెలల్లో రక్తంలో నీటి భాగం పెరుగుతుంది కాబట్టి. 2019–21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో దేశం మొత్తం మీద 57 శాతం మందికి, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతానికి, తెలంగాణలో 57.6 శాతానికి రక్తహీనత ఉంది. ఆ సర్వేలో వేలి కొన మీద గుచ్చి తీసిన చుక్కతో హిమోగ్లోబిన్ కొలిచారు. ఎంత తగ్గిందో ఆ చుక్క చెబుతుంది. ఎందుకు తగ్గిందో చెప్పదు. ఊరూరా ఐరన్ బిళ్ళలు పంచడం తప్పని నేను అనను. ఐరన్ లోపమే అన్నిటికంటే ఎక్కువగా కనిపించే కారణం, అందరికీ అన్ని పరీక్షలూ చేయడం కుదిరే పనీ కాదు. కానీ బిళ్ళలు వాడినా మార్పు లేని మనిషికి మళ్ళీ అదే బిళ్ళ రాయడం మాత్రం తప్పే.

ఒళ్ళు చెప్పే ఆనవాళ్ళు

నీరసం, మెట్లెక్కితే ఆయాసం, గుండె దడ, తలనొప్పి. ఇవి ఏ రకం రక్తహీనతలోనైనా ఉంటాయి, వీటితో రకం తేలదు. చామనఛాయ ఒంట్లో పాలిపోవడం పైకి అంతగా తెలియదు. అందుకే డాక్టరు కింది కనురెప్ప లాగి లోపలి ఎరుపు చూస్తారు, నాలుక, అరచేతి గీతలు చూస్తారు. అయితే కొన్ని ఆనవాళ్ళు ఒక్కో రకానివే.

చిన్నప్పుడు బియ్యం డబ్బా దగ్గర నిలబడి గుప్పెడు గుప్పెడు బుక్కుతుంటే "పెళ్ళిలో వాన పడుతుందే" అని అమ్మమ్మలు కేకలేసేవారు. బలపాలు నమిలేవాళ్ళు, గోడ సున్నం గీకి తినేవాళ్ళు, తొలకరిలో మట్టి వాసనకి నోరూరేవాళ్ళు, ఇప్పుడైతే ఫ్రిజ్‌లో ఐసుముక్కలు కటకటా కొరికేవాళ్ళు మన ఇళ్ళలో ఉన్నారు. అది చెడ్డ అలవాటని కొడతారు, తిడతారు. చాలామందిలో అది ఐరన్ లోపానికి గుర్తు. ఐరన్ అందిన కొద్ది రోజులకే ఆ కోరిక దానంతట అదే పోతుంది. గోళ్ళు పల్చబడి చెంచాల్లా గుంటలు పడటం, పెదవుల మూలలు చిట్లడం కూడా ఐరన్ లోపంలో కనిపిస్తాయి.

నాలుక నున్నగా ఎర్రగా మారి మంటపుట్టడం, అరికాళ్ళలో తిమ్మిర్లు, చీకట్లో నడిస్తే తూలడం బి12 లోపం లక్షణాలు. కళ్ళు పచ్చబడి, మూత్రం డికాక్షన్ రంగులో వస్తుంటే ఎర్రకణాలు లోపల పగిలిపోతున్నాయేమో చూడాలి. తగలకుండానే ఒంటి మీద నీలి మచ్చలు, చిగుళ్ళ నుంచి రక్తం, విడవని జ్వరాలు ఉంటే బిళ్ళలు కొనుక్కోవడం ఆపి వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. అక్కడ రక్తకణాలను తయారుచేసే ఎముక మజ్జ మీదే అనుమానం. ఎర్రకణాలతో పాటు తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు మూడూ తగ్గాయా అన్నది సీబీపీలోనే కనపడుతుంది.

ఒకే హిమోగ్లోబిన్, రెండు కథలు

సీబీపీ కాగితంలో హిమోగ్లోబిన్ తర్వాత నేను చూసేది ఎంసీవీ. ఒక ఎర్రకణం సగటు సైజు అది. 80 నుంచి 100 మధ్య ఉంటే మామూలు. తగ్గితే చిన్న కణాలు, పెరిగితే పెద్ద కణాలు. ఈ ఒక్క అంకె సగం దారి చూపిస్తుంది.

కణంలో నింపడానికి హిమోగ్లోబిన్ చాలకపోతే కణం చిన్నదవుతుంది. హిమోగ్లోబిన్‌లో హీమ్ భాగానికి ఐరన్ కావాలి, గ్లోబిన్ భాగానికి జన్యువులు సరిగ్గా ఉండాలి. ఐరన్ లేకపోయినా, గ్లోబిన్ తక్కువ తయారైనా చూపుకి ఫలితం ఒకటే. చిన్న, వెలిసిన కణాలు. అక్క విషయంలో అందరూ పొరబడింది ఇక్కడే.

రెండు రిపోర్టులు పక్కపక్కన పెట్టుకుందాం. మొదటిది ఐరన్ లోపంలో వచ్చేలాంటి రిపోర్టు. హిమోగ్లోబిన్ 10.2, ఎర్రకణాల సంఖ్య 45 లక్షలు, ఎంసీవీ 72, ఆర్‌డీడబ్ల్యూ 18.5. రెండోది అక్కది. హిమోగ్లోబిన్ అదే 10.2. ఎర్రకణాలు 53 లక్షలు, ఎంసీవీ 62, ఆర్‌డీడబ్ల్యూ 15. ఐరన్ సరిపోనప్పుడు మజ్జ కణాలనే తక్కువ తయారు చేస్తుంది. తయారైనవి కూడా ఒకటి చిన్నది, ఒకటి మరీ చిన్నది, అలా తేడాగా ఉంటాయి. ఆ తేడాను కొలిచేదే ఆర్‌డీడబ్ల్యూ. అక్క రక్తంలో కణాలకేం కొదవ లేదు, మామూలు కంటే ఎక్కువే ఉన్నాయి. కాకపోతే ఒక్కొక్కటీ బుల్లిది. "రక్తం తక్కువ" అన్న మనిషిలో ఎర్రకణాలు 53 లక్షలు ఉన్నాయంటేనే ఎవరో ఒకరు ఆగి చూడాల్సింది.

దీనికి 1973లో మెంట్జర్ అనే డాక్టరు తేలిక లెక్క చెప్పారు. ఎంసీవీని ఎర్రకణాల సంఖ్యతో, అంటే మిలియన్లలో ఉన్న అంకెతో, భాగించాలి. 13 కంటే ఎక్కువ వస్తే ఐరన్ లోపం వైపు, తక్కువ వస్తే తలసీమియా వాహకత్వం, అంటే గ్లోబిన్ తక్కువ తయారయ్యే జన్యులోపాన్ని మోయడం, వైపు మొగ్గు. మొదటి రిపోర్టులో 72ని 4.5తో భాగిస్తే 16. అక్కది 62ని 5.3తో భాగిస్తే 11.7. ఫోన్‌లో క్యాలికులేటర్ చాలు. ఇది తీర్పు కాదు, అనుమానం మాత్రమే. తేల్చేది హెచ్‌పీఎల్‌సీ అనే పరీక్ష. అందులో హెచ్‌బీఏ2 అనే రకం హిమోగ్లోబిన్ 3.5 శాతం దాటితే సాధారణంగా బీటా తలసీమియా వాహకులని అర్థం. అక్కకి 5.2 వచ్చింది. మొదటిసారి గర్భం వచ్చినప్పుడు ఒక డాక్టరమ్మ పాత కాగితాలన్నీ టేబుల్ మీద వరసగా పరిచి, ప్రతిదాంట్లో ఎర్రకణాల అంకె కింద పెన్నుతో గీత గీసుకుంటూ వెళ్ళి, ఈ పరీక్ష రాశారు. పదకొండేళ్ళ కాగితాల్లో ఒకటే గీత, ఒకటే అంకె.

వాహకులకు ప్రత్యేకంగా జబ్బేమీ ఉండదు, మందూ అక్కర్లేదు. ఐరన్ లోపం కూడా తోడైతేనే ఐరన్ ఇవ్వాలి. ప్రమాదం వేరే చోట ఉంది. భార్యాభర్తలిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు తలసీమియా మేజర్ వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. అలాంటి పిల్లలకు కొన్ని వారాలకోసారి రక్తం ఎక్కిస్తూనే ఉండాలి. అందుకే అక్క రిపోర్టు రాగానే బావకు హెచ్‌పీఎల్‌సీ చేయించారు. రిపోర్టు వచ్చేదాకా ఆ నాలుగు రోజుల టెన్షన్ మా ఇంట్లో ఎవరూ మర్చిపోలేదు. ఆయనది మామూలుగానే వచ్చింది. ఇంకొక మాట. ఐరన్ బాగా తగ్గి ఉంటే హెచ్‌బీఏ2 ఉన్నదానికంటే తక్కువ చూపించవచ్చు. అనుమానం గట్టిగా ఉంటే ఐరన్ సరిచేశాక మళ్ళీ చేయించడం మంచిది.

గాదె నిండుగా ఉన్నా గింజ అందదు

ఐరన్ లోపమేనని ఖాయం చేసుకోవడానికి ఫెరిటిన్ చూస్తారు. ఒంట్లో ఐరన్ దాచుకునే గాదె అనుకోండి. ఫెరిటిన్ 15 కంటే తక్కువుంటే గాదె ఖాళీ. 30 కంటే తక్కువున్నా చాలామంది డాక్టర్లు లోపం కిందే లెక్కేస్తారు. రక్తంలో తిరిగే సీరం ఐరన్ ఒక్కటే చూసి నిర్ణయించడం సరికాదు, అది పొద్దున ఒకలా సాయంత్రం ఒకలా ఉంటుంది, నిన్న వేసుకున్న బిళ్ళకే మారిపోతుంది.

ఫెరిటిన్‌లోనూ ఒక చిక్కుంది. ఒంట్లో ఇన్ఫెక్షనో వాపో ఉంటే అది పైకి ఎగబాకుతుంది. టీబీ, రుమటాయిడ్ కీళ్ళవాతం, క్యాన్సర్ లాంటి దీర్ఘకాలపు జబ్బుల్లో కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్ ఎక్కువ విడుదల చేస్తుంది. అది గాదెకు తాళం వేస్తుంది. లోపల ఐరన్ ఉంటుంది, మజ్జకు మాత్రం చేరదు. పేగు నుంచి కొత్త ఐరన్ లోపలికి రావడమూ తగ్గిపోతుంది. అలాంటి మనిషికి బిళ్ళలు ఎన్ని ఇచ్చినా ఒంటికి పట్టేది తక్కువే. అసలు జబ్బును పట్టుకోవాలి. ఈ రకంలో ఎంసీవీ చాలాసార్లు మామూలుగానే ఉంటుంది.

ఎంసీవీ మామూలుగా ఉండి హిమోగ్లోబిన్ తగ్గిందంటే మొదట అడగాల్సిన పరీక్ష కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్. మజ్జను "కణాలు తయారుచెయ్" అని తట్టిలేపే ఎరిత్రోపాయెటిన్ హార్మోన్ కిడ్నీల్లోనే పుడుతుంది. కిడ్నీలు దెబ్బతింటే ఆ పిలుపు ఆగిపోతుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఊళ్ళకు ఊళ్ళనే పట్టిపీడిస్తోంది. ఎండలో కొబ్బరి, జీడి తోటల్లో పనిచేసే మనిషి నీరసమంటే "తిండి చాలదు" అనుకోవడం తేలిక. కిడ్నీ జబ్బు చాలాకాలం నొప్పి లేకుండా, చప్పుడు లేకుండా ముదురుతుంది. కొందరిలో అది బయటపడే మొదటి గుర్తు ఈ రక్తహీనతే. అలాంటివాళ్ళకు ఐరన్‌తో పాటు ఎరిత్రోపాయెటిన్ ఇంజక్షన్లు కూడా అవసరపడవచ్చు.

పెద్ద కణాలు, జారిపోయిన చెప్పు

ఎంసీవీ 100 దాటితే ఆలోచన బి12, ఫోలిక్ యాసిడ్ వైపు వెళ్ళాలి. థైరాయిడ్ తగ్గడం, మద్యం, కాలేయ జబ్బు, కొన్ని మందులు కూడా కణాలను పెద్దవి చేస్తాయి. బి12 జంతువుల నుంచి వచ్చే ఆహారంలోనే ఉంటుంది. మాంసం, చేప, గుడ్డు, పాలు. అందుకే శాకాహారుల్లో, అందులోనూ పాలు, పెరుగు అంతగా తీసుకోనివాళ్ళలో ఈ లోపం ఎక్కువ. షుగరుకు మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడేవాళ్ళకు, గ్యాస్ బిళ్ళలు రోజూ మింగేవాళ్ళకు కూడా బి12 తగ్గుతుంది. మన ఇళ్ళలో షుగరున్న పెద్దవాళ్ళు చాలామంది రెండూ వాడుతుంటారు.

ఒక పెద్దాయన సంగతి చెప్తాను. నడుస్తుంటే కాలి చెప్పు ఎప్పుడు జారిపోయిందో ఆయనకు తెలిసేది కాదు. నాలుగడుగులు వేశాక మనవడు వెనక నుంచి "తాతా, చెప్పు" అని అరిస్తే ఆగేవారు. షుగరు వల్ల నరాలు పాడయ్యాయని అందరూ అనుకున్నారు. హిమోగ్లోబిన్ 11 ఉండటంతో దాన్నెవరూ పట్టించుకోలేదు. ఎంసీవీ 112 ఉంది. బి12 పరీక్ష చేస్తే అడుగంటి ఉంది. ఇంజక్షన్లు మొదలయ్యాక రక్తం రెండు నెలల్లో సర్దుకుంది. కాళ్ళ స్పర్శ కొంతే వెనక్కి వచ్చింది. ఆలస్యమైన కొద్దీ నరాల నష్టం శాశ్వతమవుతుంది. రక్తహీనత తక్కువగా ఉన్నా, అసలు లేకపోయినా బి12 లోపం నరాలను తినేయగలదు.

ఇక్కడే ఒక పెద్ద పొరపాటు జరుగుతుంది. బి12 లోపం ఉన్న మనిషికి ఒక్క ఫోలిక్ యాసిడ్ ఇస్తే రక్తం బాగుపడుతుంది, రిపోర్టు చూసి అందరూ ఊపిరి పీల్చుకుంటారు, లోపల నరాలు మాత్రం పాడవుతూనే ఉంటాయి. పెద్ద కణాలు కనిపిస్తే బి12 సంగతి తేల్చుకోకుండా ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వాడకూడదన్నది అందుకే.

ఫోలిక్ యాసిడ్ చరిత్రలో మన భీమవరం ఉంది. లూసీ విల్స్ అనే ఇంగ్లిష్ డాక్టరు 1928లో బొంబాయి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణులను పట్టుకున్న తీవ్రమైన రక్తహీనత మీద పనిచేశారు. ఈస్టు సారం తినిపిస్తే వాళ్ళు కోలుకుంటున్నారని 1931లో ప్రకటించారు. ఆ సారంలోని పదార్థమేదో తర్వాత తేలింది, ఆకుకూరల్లో ఉంటుంది కాబట్టి ఆకు అనే అర్థమిచ్చే లాటిన్ మాటతో ఫోలిక్ యాసిడ్ అన్నారు. 1945లో అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో దాన్ని కృత్రిమంగా తయారుచేసిన బృందాన్ని నడిపించింది 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఇవాళ ఏఎన్‌ఎం చేతిలో పెట్టే ఎర్ర బిళ్ళలో ఐరన్‌తో కలిసి ఉన్నది ఆ ఫోలిక్ యాసిడే.

మరో చిక్కు. ఒకే మనిషిలో ఐరన్, బి12 రెండూ తగ్గితే కొన్ని కణాలు చిన్నవి, కొన్ని పెద్దవి అవుతాయి. సగటు తీస్తే ఎంసీవీ 88 వస్తుంది, చూడటానికి మామూలే. ఆర్‌డీడబ్ల్యూ ఎక్కువగా ఉండటం ఒక్కటే గుట్టు విప్పుతుంది. అలాంటప్పుడు గాజు పలక మీద రక్తం పూసి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద మనిషి కన్నుతో చూడాలి. స్మియర్ అంటారు దీన్ని. యంత్రం సగటు చెబుతుంది, స్మియర్ కణాలను ఒక్కొక్కటిగా చూపిస్తుంది. ఎన్ని కొత్త పరీక్షలు వచ్చినా దీన్ని మించింది లేదని నా నమ్మకం.

పగిలే కణాలు

ఎర్రకణం మామూలుగా 120 రోజులు బతుకుతుంది. అంతకు ముందే పగిలిపోతుంటే మజ్జ పరుగులుపెట్టి కొత్త కణాలను బయటికి తోస్తుంది. ఆ లేత కణాల లెక్కే రెటిక్యులోసైట్ కౌంట్. రక్తహీనతలో అది పెరిగి ఉంటే మజ్జ బాగానే పనిచేస్తోంది, రక్తం పగలడమో కారడమో జరుగుతోందని అర్థం. తక్కువుంటే తయారీలోనే లోపం. పగలడం అయితే రక్తపరీక్షలో బిలిరుబిన్, ఎల్‌డీహెచ్ అనే అంకెలు కూడా పెరుగుతాయి. ఒంటి రక్షణ వ్యవస్థే తన కణాల మీద దాడి చేస్తోందా అన్నది కూంబ్స్ పరీక్షలో తెలుస్తుంది.

పాడేరు, అరకు, భద్రాచలం, ఉట్నూరు వైపు ఏజెన్సీ ప్రాంతాల్లో మరచిపోకూడనిది సికిల్ సెల్, ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు. ఏడాది నిండని పసిబిడ్డకు చేతులు, పాదాలు వాచి ఏడుస్తుంటే, కాస్త పెద్ద పిల్లలు ఎముకల్లో నొప్పని మెలికలు తిరుగుతుంటే, కళ్ళు పచ్చగా ఉంటే ఈ పరీక్ష జరగాలి. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో కేంద్రం మొదలుపెట్టిన సికిల్ సెల్ నిర్మూలన మిషన్‌లో 40 ఏళ్ళలోపు ఏడు కోట్ల మందిని పరీక్షించాలన్నది లక్ష్యం. ఊళ్ళో చేసే తొలి పరీక్షల్లో సాల్యుబిలిటీ పరీక్ష ఒకటి. సికిల్ హిమోగ్లోబిన్ ఉందో లేదో అంతవరకే అది చెబుతుంది. మనిషి వాహకుడా, జబ్బున్నవాడా అన్నది హెచ్‌పీఎల్‌సీ లాంటి రెండో పరీక్షలోనే తేలుతుంది. మొదటి పరీక్షతోనే "జబ్బుంది" అని భయపెట్టకూడదు, "ఏం లేదు, వాహకుడే" అని వదిలేయకూడదు.

ఐరన్ ఎటు పోతోంది?

ఐరన్ లోపమని తేలడంతో పని అయిపోదు. అదెందుకు వచ్చింది? ఒక మిల్లీలీటరు రక్తంలో దాదాపు అర మిల్లీగ్రాము ఐరన్ ఉంటుంది. రోజంతా తిన్న తిండి నుంచి ఒంటికి పట్టేది ఒకటి రెండు మిల్లీగ్రాములే. పేగుల్లో రోజూ రెండు చెంచాల రక్తం కారినా మలం రంగులో తేడా కనపడకపోవచ్చు, ఐరన్ మాత్రం అయిదు మిల్లీగ్రాములు పోతుంది. నెలల్లో గాదె అడుగంటుతుంది. అందుకే మగవాళ్ళలో, నెలసరి ఆగిపోయిన ఆడవాళ్ళలో ఐరన్ లోపం కనిపిస్తే కడుపు, పేగులు చూడాలి. అల్సరు, మొలలు, నొప్పుల బిళ్ళల వల్ల పడిన పుండ్లు, పెద్దపేగు క్యాన్సర్, కొక్కెపు పురుగులు, వీటిలో ఏదైనా కావచ్చు. యాభై దాటిన మగమనిషికి ఎండోస్కోపీ, కొలనోస్కోపీ సంగతి ఎత్తకుండా ఐరన్ రాసి పంపడాన్ని నేను ఒప్పుకోలేను.

వయసులో ఉన్న ఆడవాళ్ళ విషయంలో అడగాల్సిన ప్రశ్న నెలసరి. ఏడు రోజులు దాటుతోందా, గంటకో రెండు గంటలకో ప్యాడ్ మార్చాల్సి వస్తోందా, గడ్డలు పడుతున్నాయా? "అందరికీ అంతేగా" అని ఊరుకుంటారు. అందరికీ అంత కాదు.

బీట్‌రూట్ ఎర్రగా ఉందని రక్తం పట్టదు, అందులో ఐరన్ అంతంతమాత్రమే. బిళ్ళ వేసుకుంటే నిమ్మరసంతోనో ఉసిరితోనో మంచిది, టీ, కాఫీలకు గంటా రెండు గంటలు దూరం పెట్టాలి. ఐరన్ బిళ్ళల వల్ల మలం నల్లగా వస్తే కంగారు పడక్కర్లేదు.

రక్తం ఎక్కించాలని చెబితే, మనిషి ప్రాణాపాయంలో లేనంతవరకు ఒకటి అడగండి. స్మియర్, ఫెరిటిన్, బి12, హెచ్‌పీఎల్‌సీలకు రక్తం ముందే తీసి పెట్టారా అని. దాత రక్తం కలిశాక హెచ్‌పీఎల్‌సీ మూడు నెలల దాకా నమ్మలేం. బి12 ఇంజక్షన్ పడ్డాక బి12 పరీక్షకూ విలువ ఉండదు.

ఐరన్ లోపమే అయితే, బిళ్ళలు సరిగ్గా వాడితే వారం పదిరోజుల్లో రెటిక్యులోసైట్లు పెరుగుతాయి, నెలకు హిమోగ్లోబిన్ ఒకటి నుంచి రెండు గ్రాములు పెరగాలి. మామూలుకు వచ్చాక కూడా గాదె నిండడానికి ఇంకో మూడు నెలలు వాడాలి. నెలకీ కదల్లేదంటే బిళ్ళలు కడుపుకు పడక మానేసి ఉండాలి, లేదా పేగు పీల్చుకోకపోవాలి, లేదా ఇంకా రక్తం పోతూ ఉండాలి. ఇవేవీ కాకపోతే అసలు లోపం ఐరన్‌ది కాదు. అక్క విషయంలో ఈ ప్రశ్న మొదటి నెలలోనే రావాల్సింది.

అక్క ఇప్పుడు ఐరన్ వాడటం లేదు. ఫెరిటిన్ బాగానే ఉంది, హిమోగ్లోబిన్ అదే పది, మెట్లు నాకంటే చురుగ్గా ఎక్కుతుంది. పాపకు వాహకత్వం వచ్చే అవకాశం సగానికి సగం కాబట్టి ఏడాది దాటాక హెచ్‌పీఎల్‌సీ చేయించారు. పాపకూ వాహకత్వం వచ్చింది. తల్లీకూతుళ్ళ రెండు రిపోర్టులూ లామినేషన్ చేయించి, పాప బర్త్ సర్టిఫికెట్ ఉన్న ఫైల్లోనే పెట్టింది. పైన స్కెచ్ పెన్నుతో రాసుకుంది: "పెళ్ళికి ముందు అబ్బాయికి ఈ పరీక్ష చేయించాలి."